‘తాగుతావా?’ అని అడిగితే కాలేజీ పిల్లలు నిజం రాస్తారా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) రెండో ఏడాదిలో ఉన్నారు. రెండు ఇంజినీరింగ్ కాలేజీల్లో, ఒకటి తెలంగాణలో, ఒకటి ఆంధ్రాలో, 400 మంది చేత ప్రశ్నాపత్రం నింపించి మద్యం వాడకం ఎంత ఉందో కొలవాలనుకుంటున్నారు. మీ గైడ్ మాత్రం ‘పిల్లలు నిజం రాయరు, రక్తపరీక్ష అయినా పెట్టు, లేకపోతే టాపిక్ మార్చు’ అంటున్నారు. ఏం చేయాలి? నాణెం ఎగరేసి జవాబు రాయించే పద్ధతి పనికొస్తుందా అని కూడా అడిగారు.

టాపిక్ మార్చకండి. విద్యార్థి తన చేత్తో రాసిన జవాబు పనికొస్తుంది. కాకపోతే తను రాసింది తనదని ఎవరికీ తెలియదన్న నమ్మకం ఆ పిల్లవాడికి కలగాలి. మీరు అడిగే మాట అతను రోజూ వాడే మాట అయ్యుండాలి. గుర్తుండేంత కాలం గురించే అడగాలి. ఇవన్నీ చేసినా వచ్చే అంకె అసలు కంటే కొంత తక్కువగానే ఉంటుంది, ఆ సంగతి థీసిస్‌లో మీరే రాయాలి.

నేను కమ్యూనిటీ మెడిసిన్‌లో పదహారేళ్లుగా ఇలాంటి సర్వేలు చేస్తూ, చేయిస్తూ ఉన్నాను. ఇన్నేళ్లలో నాకు తగిలిన తప్పు జవాబుల్లో కావాలని ఆడిన అబద్ధాలు తక్కువ. ఎక్కువ భాగం మేం ఒకటి అడిగితే పిల్లలు ఇంకోటి అర్థం చేసుకుని, నిజాయితీగా రాసినవే.

ఒక ఉదాహరణ చెబుతాను. నా మొదటి సర్వేలో ప్రశ్న ‘మీరు మద్యం సేవిస్తారా?’ అని ఉండేది. అసలు సర్వేకి ముందు పది పన్నెండు మంది చేత నింపించి, ఒక్కొక్కరితో కూర్చుని ‘ఈ జవాబు ఎందుకు రాశావ్?’ అని అడిగాం. ‘లేదు’ అని టిక్ పెట్టిన ఒక కుర్రాడు మాటల మధ్యలో శనివారం రూమ్‌లో బీరు తాగిన సంగతి చెప్పాడు. మరి లేదని రాశావేంటి అంటే, ‘బీరు మందేంటి సార్?’ అన్నాడు. అతను అబద్ధం ఆడలేదు. అతని లెక్కలో మందంటే విస్కీ, బ్రాందీ. ఇంకో అబ్బాయి అమ్మమ్మగారి ఊరు వెళ్లినప్పుడల్లా పొద్దున్నే ఈతకల్లు తాగుతాడు, ఇంట్లో పెద్దవాళ్లే పోసి ఇస్తారు. అతనూ ‘లేదు’ అనే రాశాడు. పైగా తెలుగులో ‘తాగుతావా?’ అనే మాటలోనే ఒక నింద ఉంది. ‘వాడు తాగుతాడు’ అంటే తాగుబోతు అనే అర్థం. నెలకోసారి తాగేవాడు ఆ ప్రశ్నకి అవునని ఎందుకు రాస్తాడు?

అందుకే ఇప్పుడు మేం పేరుపేరునా అడుగుతాం. లైట్ బీరు, స్ట్రాంగ్ బీరు, బ్రీజర్, వైన్, విస్కీ, బ్రాందీ, రమ్, వోడ్కా, తాటికల్లు, ఈతకల్లు, సారా. ఒక్కోదానికీ ఒక గడి. ‘గత 30 రోజుల్లో ఇది కొంచెమైనా తాగిన రోజులు ఎన్ని?’ జవాబు సున్నా నుంచి మొదలవుతుంది. అవును, కాదు అని అడగం. ఎన్ని రోజులు అని అడిగితే ఆ ప్రశ్నలో తప్పు పట్టినట్టు ఉండదు.

తర్వాతి చిక్కు ‘ఒక డ్రింక్’ అనే మాట. అందరూ తక్కువ పట్టించుకునేది, నా మటుకు నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపించేది ఇదే. బయటి దేశాల ప్రశ్నాపత్రాల్లో ‘ఎన్ని డ్రింకులు తాగారు?’ అని ఉంటుంది. అమెరికాలో ఒక స్టాండర్డ్ డ్రింక్ అంటే 14 గ్రాముల ఆల్కహాల్. బ్రిటన్‌లో ఒక యూనిట్ 8 గ్రాములే. మద్యం వాడకాన్ని కొలిచే ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ‘ఆడిట్’ (AUDIT) ప్రశ్నాపత్రంలో 10 గ్రాములు, మన దేశంలో పరిశోధకులు ఎక్కువగా వాడేది కూడా అదే. మన పిల్లలకు వీటిలో ఏదీ తెలియదు. వాళ్లకి తెలిసింది నైంటీ, క్వార్టర్, హాఫ్, ఫుల్, సీసా, టిన్ను.

ఆ లెక్కను మనమే కట్టుకోవాలి, పిల్లల మీద వేయకూడదు. మన దగ్గర విస్కీ, బ్రాందీ సీసాల మీద సాధారణంగా 42.8 శాతం అని రాసి ఉంటుంది. 30 మి.లీ. పెగ్గులో 12.8 మి.లీ. ఆల్కహాల్, దాన్ని ఆల్కహాల్ సాంద్రత 0.789తో గుణిస్తే దాదాపు 10 గ్రాములు. అంటే చిన్న పెగ్గు ఒక డ్రింక్. క్వార్టర్, అంటే 180 మి.లీ., ఆరు డ్రింకులు. ఇప్పుడు బీరు చూడండి. 650 మి.లీ. సీసా 5 శాతం అయితే 25 గ్రాములు దాటుతుంది, రెండున్నర డ్రింకులు. అదే సీసా స్ట్రాంగ్ బీరై 8 శాతం ఉంటే 41 గ్రాములు, నాలుగు డ్రింకులు. ‘రెండు బీర్లు’ అని రాసిన కుర్రాడిని మీరు రెండు డ్రింకులుగా ఎక్కిస్తే, నిజానికి అతను ఎనిమిది తాగి ఉండొచ్చు. పిల్లవాడు పొల్లు పోకుండా నిజం రాశాడు, తప్పు జవాబుని అంకెగా మార్చే మన కోడింగ్‌లో జరిగింది.

గ్లాసు సంగతి కూడా చెప్పాలి. ఒకసారి హాస్టల్ పిల్లలతో ఒక చిన్న ప్రయత్నం చేశాం. ఖాళీ సీసాలో రంగు నీళ్లు పోసి, పార్టీల్లో వాడే ప్లాస్టిక్ గ్లాసులు ముందు పెట్టి, ‘నువ్వు ఒక పెగ్గు అంటే ఎంత పోస్తావో పొయ్యి’ అన్నాం. ఒకతను సీసా మూత తీసి, గ్లాసును కళ్ల ఎత్తుకి లేపి, అడుగున ఉన్న రెండో గీత దాకా జాగ్రత్తగా పోశాడు. కొలజాడీలోకి వంపి చూస్తే 70 మి.లీ. దాటింది. తను పోసింది ‘స్మాల్’ అని అతని నమ్మకం. అమెరికాలో కూడా విద్యార్థుల చేత ఇలాగే పోయించి చూశారు, వాళ్లూ స్టాండర్డ్ కంటే ఎక్కువే పోశారు. కాబట్టి మీ ప్రశ్నాపత్రంలో సీసాల, గ్లాసుల బొమ్మలు వేయించండి. నలుగురు కలిసి తాగే చోట ‘ఫుల్ బాటిల్ ఎంతమంది పంచుకున్నారు?’ అని అడగండి. సిట్టింగ్‌లో ఎవరి గ్లాసు ఎన్నిసార్లు నిండిందో ఎవరూ లెక్కపెట్టరు గానీ, ఎన్ని సీసాలు తెచ్చారు, ఎంతమంది కూర్చున్నారు అన్నది బాగా గుర్తుంటుంది, ఎందుకంటే డబ్బులు పంచుకున్నారు కాబట్టి.

కల్లుకి మాత్రం గ్రాముల లెక్క కట్టకండి. చెట్టు నుంచి దించిన గంటను బట్టి, పులిసిన తీరును బట్టి దాని బలం మారిపోతుంది. తెలంగాణలో కొన్నిచోట్ల కల్లులో ఆల్ప్రజోలం, డయజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలిపిన కేసులు చాలాసార్లు బయటపడ్డాయి. అది తాగిన మత్తు ఆల్కహాల్ మత్తు కాదు. కల్లు తాగిన రోజులు విడిగా రాసుకోండి, అంతే.

ఇక నమ్మకం సంగతి. రెండు రాష్ట్రాల్లోనూ చట్టప్రకారం మద్యం కొనాలంటే 21 ఏళ్లు నిండాలి. మీరు అడగబోయే బీటెక్ పిల్లల్లో ఎక్కువమందికి అంత వయసు ఉండదు. హాస్టల్లో దొరికితే సస్పెన్షన్, ఇంటికి ఫోను. ఇంత టెన్షన్ ఉన్నచోట ‘వివరాలు గోప్యంగా ఉంచబడును’ అనే ఒక్క లైను ఎవరూ నమ్మరు.

ఒక కాలేజీలో మాకు ఇది బాగా తెలిసొచ్చింది. అనుమతి ఇచ్చిన హెచ్‌ఓడీ గారు మంచి మనసుతోనే క్లాసులోకి వచ్చి, పిల్లలు క్రమశిక్షణగా ఉండాలని వెనక బెంచీ దగ్గర నిలబడ్డారు. అటెండెన్స్ వరుసలో కూర్చోబెట్టి పేపర్లు పంచారు. నింపడం పూర్తయ్యాక సీఆర్ (క్లాస్ రిప్రజెంటేటివ్) వరుసగా పేపర్లు వసూలు చేశాడు. ముందు బెంచీ అమ్మాయి తన పేపరును మధ్యకి మడిచి, కట్టలో అడుగుకి దోపింది. ఆ రోజు వచ్చిన పేపర్లలో దాదాపు అన్నీ సున్నాలే. నేను వాటిని విశ్లేషణలో కలపలేదు. అవి కొలిచింది మద్యాన్ని కాదు, వెనక నిలబడ్డ మనిషి మీద ఉన్న భయాన్ని. ముందే ఆయనతో మాట్లాడి బయట ఉండమని కోరాల్సిన బాధ్యత నాదే.

అప్పటినుంచి నేను మార్చని పద్ధతులు కొన్ని ఉన్నాయి. కాలేజీ సిబ్బంది ఎవరూ గదిలో ఉండరు. పిల్లలు ఇష్టం వచ్చినచోట, మధ్యలో ఒక సీటు వదిలి కూర్చుంటారు. తాళం వేసిన, పైన సన్నని గాటు ఉన్న అట్టపెట్టెలో ఎవరి పేపరు వాళ్లే వేస్తారు, నేను ముట్టుకోను. తాగనివాళ్లకి కూడా అన్నే ప్రశ్నలు ఉండాలి. ‘లేదు అయితే 30వ ప్రశ్నకు వెళ్లండి’ అని పెడితే, ‘లేదు’ రాసినవాళ్లు ముందే ముగిస్తారు, ఇంకా రెండో పేజీ నింపుతున్నవాడు ఎందుకు నింపుతున్నాడో గదంతా తెలిసిపోతుంది. పైగా త్వరగా బయటపడాలనుకున్నవాడు కూడా ‘లేదు’ కొట్టేస్తాడు. తాగనివాళ్లకి నిద్ర, ఫోను వాడకం, టీ కాఫీల మీద అంతే పొడవైన ప్రశ్నలు పెట్టండి.

పేరు, రోల్ నంబరు అడగకపోతే సరిపోతుందనుకోకండి. బ్రాంచి, సంవత్సరం, ఆడ మగ, సొంత జిల్లా, కులం అన్నీ అడిగితే మనిషి దొరికిపోతాడు. మెకానికల్ మూడో ఏడాదిలో అమ్మాయిలు ఇద్దరే ఉంటే, ఆ ఇద్దరూ మీకు నిజం రాయరు, రాయకపోవడమే న్యాయం. అవసరం లేనిది అడగకండి. గూగుల్ ఫామ్ వాడితే ఈమెయిల్ సేకరణ ఆపేయండి. ‘ఒక్కరికి ఒక్క జవాబే’ అనే నిబంధన పెడితే లాగిన్ అడుగుతుంది, ఫామ్ పైన తన మెయిల్ ఐడీ కనిపించగానే పిల్లవాడు జాగ్రత్తపడతాడు. నన్నడిగితే ఈ విషయానికి కాగితం, అట్టపెట్టే మంచివి.

ఇక పిల్లలకి ఎంత గుర్తుంటుందన్న సంగతి. 1985 నుంచి వాడుకలో ఉన్న డైలీ డ్రింకింగ్ క్వశ్చనేర్ ‘మామూలు వారంలో సోమవారం ఎన్ని, మంగళవారం ఎన్ని’ అని అడుగుతుంది. ప్రతి వారాంతం తాగే అమెరికన్ క్యాంపస్‌కి అది సరిపోతుంది. మన పిల్లల్లో చాలామందికి అలాంటి ‘మామూలు వారం’ ఉండదు. మిడ్స్ అయిపోయిన రోజు, ఎవరిదో బర్త్‌డే, ఫెస్ట్ ఆఖరి రాత్రి, 31 రాత్రి, దసరాకి ఊళ్లో దావత్. మధ్యలో మూడు వారాలు ఏమీ ఉండదు. వాళ్లని సగటు అడిగితే ఊహించి ఏదో రాస్తారు.

దీనికి లిండా సోబెల్, మార్క్ సోబెల్ రూపొందించిన టైమ్‌లైన్ ఫాలోబ్యాక్ పద్ధతి మనకి బాగా కుదురుతుంది. నెల రోజుల క్యాలెండర్ ముందు పెట్టి, మొదట తెలిసిన రోజులు గుర్తుపెట్టిస్తాం: పరీక్షలు, పండగ, క్రికెట్ మ్యాచ్, ఇంటికి వెళ్లిన రోజులు. ఆ తర్వాత ఏ రోజు ఏం తాగారో రాయమంటాం. ‘నెలలో ఒకట్రెండు సార్లు’ అని ముందు చెప్పిన పిల్లవాడు క్యాలెండర్ మీద వేలు పెట్టి ఒక్కో రోజూ చూసుకుంటూ నాలుగు గడులు నింపడం నేను చాలాసార్లు చూశాను. 400 మందికీ ఇది చేయడం కష్టం. 40, 50 మందికి చేసి, మిగతావాళ్ల జవాబులతో పోల్చండి. మీ థీసిస్‌లో బలమైన అధ్యాయం అదే అవుతుంది. సర్వే చేసిన తేదీ తప్పకుండా రాయండి. జనవరి మొదటి వారంలో అడిగిన ‘గత 30 రోజులు’, ఫిబ్రవరిలో అడిగినది ఒకటి కాదు.

స్కేలు ఏది అంటే ఆడిట్ తీసుకోండి. పది ప్రశ్నలు, 0 నుంచి 40 మార్కులు, 8 లేదా అంతకు పైన వస్తే హానికర వాడకం ఉండొచ్చని అర్థం. మొదటి మూడు ప్రశ్నలు ఎంత తాగుతారన్నది, తర్వాతి మూడు ఆధారపడటం గురించి, చివరి నాలుగు హాని గురించి. సమయం లేకపోతే మొదటి మూడే, దాన్ని ఆడిట్-సి అంటారు. మూడో ప్రశ్న ‘ఒకేసారి ఆరు లేదా అంతకంటే ఎక్కువ డ్రింకులు ఎంత తరచుగా?’ అని ఉంటుంది. పైన కట్టిన లెక్క ప్రకారం ఆరు డ్రింకులంటే సరిగ్గా ఒక క్వార్టర్, లేదా స్ట్రాంగ్ బీర్లు ఒకటిన్నర. తెలుగులో అలాగే రాయండి, పిల్లలకి వెంటనే అర్థమవుతుంది. అతిగా తాగడానికి అమెరికా పరిశోధన పేపర్లలో కనిపించే ‘ఒకేసారి అబ్బాయిలకు ఐదు డ్రింకులు, అమ్మాయిలకు నాలుగు’ కొలతని మాత్రం మక్కీకి మక్కీ దించకండి. అక్కడి ఐదు అంటే 70 గ్రాములు, ఇక్కడి ఐదు అంటే 50.

ఇప్పుడు మీ గైడ్ గారి రక్తపరీక్ష. ఆయన సందేహం తీసిపారేసేది కాదు. కానీ బ్రెత్ ఎనలైజర్ చెప్పేది కొన్ని గంటల కథే. తాగాక ఒంట్లో తయారయ్యే ఆనవాళ్లలో, ఇథైల్ గ్లుకురొనైడ్ మూత్రంలో మూడు రోజుల దాకా దొరకొచ్చు. రక్తంలో ఫాస్ఫటైడిల్‌ఇథనాల్ రెండు నుంచి నాలుగు వారాలు కనిపిస్తుంది, కానీ ఆ పరీక్ష ఖరీదైనది, నెలకోసారి రెండు పెగ్గులు తాగినవాడిని పట్టుకోలేకపోవచ్చు. మీకు కావలసింది సరిగ్గా ఆ పిల్లలే. అన్నిటికీ మించి, రక్తం ఇస్తావా అనగానే తాగేవాడు ఒప్పుకోడు, తాగనివాడు చెయ్యి చాస్తాడు. పరీక్ష ఎంత కచ్చితమైనదైనా, చేయించుకున్నవాళ్లు మీ కాలేజీకి ప్రతినిధులు కారు.

గైడ్ గారితో ఇంకో మాట కూడా చెప్పండి. అమెరికాలో పరిశోధకుడు హెన్రీ వెక్స్‌లర్ బృందం 1993లో 140 కాలేజీల్లో 17,592 మందిని పోస్టు ద్వారా అడిగింది. 44 శాతం మంది గత రెండు వారాల్లో ఒక్కసారైనా అతిగా తాగినట్టు రాశారు. అక్కడి క్యాంపస్‌లలో పెద్ద చర్చ లేపిన ఆ అంకె పూర్తిగా విద్యార్థులు చెప్పుకున్నదే. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో తాగేవాళ్లు తెలంగాణలో 43 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23 శాతం. అవీ ఇంటికి వచ్చి ఎదురుగా కూర్చుని అడిగి రాసుకున్నవే. (ఇంత తేడా ఉన్న రెండు రాష్ట్రాల కాలేజీలను కలిపి ఒకే శాతం ఇవ్వకండి, విడివిడిగా ఇవ్వండి.)

అలాగని ఈ పద్ధతి లోపం దాచకూడదు. చాలా దేశాల్లో సర్వేల్లో జనం చెప్పిన మద్యాన్నంతా కలిపితే అమ్ముడైన దాంట్లో 40 నుంచి 60 శాతమే తేలుతుంది. మరిచిపోవడం, తక్కువ పోసుకున్నాననుకోవడం, సర్వేకి అసలు దొరకని బాగా తాగేవాళ్లు, అన్నీ అందులో కలిసి ఉన్నాయి. ఈ చివరిది మీకూ వర్తిస్తుంది. సోమవారం మొదటి పీరియడ్‌కి వెళ్తే, రాత్రి తాగి పడుకున్నవాడు క్లాసులో ఉండడు. క్లాసు బలం ఎంత, ఆ రోజు వచ్చినవాళ్లెంత, రెండూ రాయండి. వీలైతే వేరే రోజు మధ్యాహ్నం ఇంకోసారి వెళ్లండి.

నాణెం పద్ధతి గురించి కూడా అడిగారు. గణాంక శాస్త్రవేత్త వార్నర్ 1965లో చెప్పిన ఆలోచనకి తర్వాత వచ్చిన సులభ రూపం అది. బొమ్మ పడితే ఏమైనా సరే ‘అవును’ రాయాలి, బొరుసు పడితే నిజం రాయాలి. ఉదాహరణకి 400 మందిలో 260 ‘అవును’లు వచ్చాయనుకోండి. బొమ్మ పడిన సుమారు 200 మంది ‘అవును’లు నాణెం ఖాతాలో పోతే మిగిలింది 60, అంటే బొరుసు పడిన 200 మందిలో 30 శాతం. ఎవరు తాగారో మీకు కూడా తెలియదు. బాగుంది కదా. అయితే ఇదే ఉదాహరణలో, నేరుగా అడిగితే వచ్చే కచ్చితత్వం రావాలంటే నాలుగు రెట్లకు పైగా మంది కావాలి. ‘తాగి బండి నడిపావా?’ లాంటి ఒక్క ప్రశ్నకి వాడొచ్చు. మొత్తం సర్వేకి వద్దు.

అందరూ తగ్గించే రాస్తారనీ అనుకోకండి. ఫ్రెండ్స్ పక్కన ఉంటే అబ్బాయిలు పెంచి రాస్తారు. అమ్మాయిలు ఒంటరిగా ఉన్నా తగ్గిస్తారు. అందుకే వాళ్లకి వేరే గది, వేరే పెట్టె, అక్కడ ఉండేది మహిళలే అయ్యుండాలి. ‘మీ క్లాసులో ఎంతమంది తాగుతారు?’ అని అడిగి దాన్నే అసలు అంకెగా వాడేవాళ్లున్నారు. తోటివాళ్లు తాగేదాన్ని విద్యార్థులు ఎక్కువగా ఊహించుకుంటారని అమెరికా పరిశోధకులు పెర్కిన్స్, బెర్కోవిట్జ్ 1986లోనే చూపించారు. ఆ ప్రశ్న పెట్టండి, కానీ అది నమ్మకాన్ని కొలిచే ప్రశ్నగానే.

ఎథిక్స్ కమిటీకి వెళ్లేముందు ఒక్క విషయం సరిచూసుకోండి. మొదటి ఏడాది పిల్లల్లో 17 ఏళ్లవాళ్లు ఉంటారు. 18 నిండనివాళ్లకి తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఇంటికి ఆ కాగితం వెళ్లాక ఆ పిల్లవాడు నిజం రాయడం కష్టం. రెండో ఏడాది నుంచి, 18 నిండినవాళ్లనే తీసుకోండి.

చివరి పేజీ అడుగున చింపి తీసుకెళ్లేలా ఒక చీటీ వేయించండి. అందులో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446, దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగం ఓపీ రోజులు ఉండాలి. అది ప్రతి పేపరుకీ ఉండాలి, పెట్టెలో వేసేముందు అందరూ చింపి జేబులో పెట్టుకోవాలి. అవసరం ఉన్నవాడొక్కడే చింపితే పక్కవాళ్లు చూస్తారు. ఒక సర్వే అయిన మూడు వారాలకి ఒక అబ్బాయి నలిగిపోయిన ఆ చీటీ పట్టుకుని మా ఓపీకి వచ్చాడు. పేరు చెప్పే ముందు చీటీనే బల్ల మీద పెట్టాడు.

మీ తెలుగు ప్రశ్నాపత్రం తయారయ్యాక ఇక్కడ పెట్టండి. సీసాల లెక్క, కోడింగ్ నేను చూసి పెడతాను.